సకినం, బాపు, అయిదు ద్రాక్షపళ్లు

"కుక్కను కల్లు కాంపౌండుకు తోల్కపోతరా ఎవరన్న?"

పోయిన సెప్టెంబర్‌లో ఒక శనివారం పొద్దున, కారు వెనక సీట్లో సకినానికి బెల్టు పెడుతుంటే మా బాపు అడిగిన మాట ఇది. ఆయన ఇండియా నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలు. కుక్కకు సీటు బెల్టేమిటని నవ్వడం అయిపోయింది, కుక్కకు ఇన్సూరెన్స్ ఉందని తెలిసి నోరెళ్లబెట్టడమూ అయిపోయింది. ఇది కొత్తది.

"కల్లు కాంపౌండు కాదు బాపూ, వైనరీ. ద్రాక్షతోట ఉంటది, ఆడనే వైన్ చేస్తరు, చెట్ల కింద కూసోని తాగుతరు. కుక్కలను గూడ రానిస్తరు."

"కల్లు గూడ చెట్ల కిందనే తాగుతరు," అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సకినాన్ని మూడేళ్ల కింద షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. కాగితం మీద షెపర్డ్ మిక్స్ అని రాసిచ్చారు, ఆ మిక్స్‌లో ఇంకేమేం కలిశాయో దేవుడికే ఎరుక. పడుకుంటే తోక ముక్కు దాకా తెచ్చుకుని గుండ్రంగా చుట్టుకుపోతుంది. మొదటి రాత్రి దాన్ని అలా చూస్తే, సంక్రాంతికి మా అమ్మ తెల్లబట్ట పరిచి బియ్యప్పిండితో చుట్టే సకినాలే గుర్తొచ్చాయి. అదే పేరు పెట్టేశాం. మా ఆయనది ఏలూరు, సకినమంటే ఏమిటో ఆయనకు నేనే చెప్పాల్సొచ్చింది. పక్కింటివాళ్లు సకీ అంటారు. వెటర్నరీ క్లినిక్‌లో ఏమని పిలుస్తారో ఇక్కడ రాయలేను.

మేముండేది కాలిఫోర్నియాలో, డబ్లిన్‌లో. 580 ఫ్రీవే మీద తూర్పుకు కాస్త పోతే లివర్‌మోర్. బే ఏరియాలో ఉండే మనవాళ్లకు లివర్‌మోర్ అంటే శివవిష్ణు గుడి. గుడికి పోవడం, క్యాంటీన్‌లో తినడం, తిరిగి రావడం. అదే ఊరికి దక్షిణాన టెస్లా రోడ్డు, అరోయో రోడ్డు పట్టుకుంటే అంతా ద్రాక్షతోటలేనని చాలామందికి పట్టదు. నాకూ కుక్క వచ్చేదాకా పట్టలేదు. (టెస్లా రోడ్డుకూ కార్లకూ సంబంధం లేదు. ఆ కొండల్లో ఒకప్పుడు టెస్లా అనే బొగ్గుగనుల ఊరుండేది.) వైన్‌కు పేరున్న నాపాకు వెళితే సగం రోజు ట్రాఫిక్‌కే పోతుంది, ముందే బుకింగ్, తలకు ఇంతని ఫీజు, పైగా కుక్కంటే మొహం ముడుచుకునే చోట్లూ ఉన్నాయి. లివర్‌మోర్‌లో అంత భేషజం లేదు. చెప్పులేసుకుని వెళ్లొచ్చు.

బాపును అక్కడికి తీసుకెళ్లాలనుకోవడానికి కారణం వైన్ కాదు, తోట. మాది శామీర్‌పేట పక్క ఊరు. నా చిన్నప్పుడు మాకు మూడెకరాల ద్రాక్షతోట ఉండేది. అనాబ్-ఎ-షాహీ. హైదరాబాద్ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు ఆ పేరు చెబితే చాలు. పొడుగ్గా, లేత పసుపుపచ్చగా, నోట్లో వేసుకుంటే నీళ్లు నీళ్లుగా ఉండే పండు. రాతి కడీలు పాతి, పైన తీగలు అల్లి, మనిషి ఎత్తు పందిరి మీద పాకించేవాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పందిరి కింద మంచం వేసుకుని పడుకుంటే ఫ్యాను అక్కర్లేదు. ఇప్పుడక్కడ విల్లాలున్నాయి. గేటు మీద ద్రాక్షగుత్తి బొమ్మ మాత్రం వేశారు, అందుకు మెచ్చుకోవాలి.

మేం ఎప్పుడు బయల్దేరినా ముందు సైకమోర్ గ్రోవ్ పార్కుకు వెళ్తాం. అరోయో డెల్ వాయె వాగు పక్కన నడక దారి, లీష్ మీద కుక్కను తీసుకెళ్లొచ్చు. గంటసేపు నడిపించి అలిసిపోనిస్తే తర్వాత బల్ల కింద బుద్ధిగా పడుకుంటుంది. అలిసిపోని కుక్కను వైనరీకి తీసుకెళ్లడమంటే ఆకలితో ఉన్న పిల్లాణ్ణి పెళ్లికి తీసుకెళ్లి వ్రతకథ అయ్యేదాకా కూర్చోమనడమే. పొద్దున తొమ్మిదికల్లా నడక మొదలుపెట్టాలి. సెప్టెంబర్ వచ్చినా మధ్యాహ్నానికి ఇక్కడ 35 డిగ్రీలు దాటే రోజులు బోలెడు, కంకర మీద కుక్క అరికాళ్లు కాలిపోతాయి. అరచేయి తిప్పి, చేతి వెనకవైపు నేలకు ఆనించి ఏడు లెక్కపెట్టేలోపు తీసేయాలనిపిస్తే, ఆ నేల కుక్కకు పనికిరాదు.

ఎండిన గడ్డిలోకి మాత్రం పోనివ్వను. ఇక్కడ ఫాక్స్‌టెయిల్ అనే గడ్డి ఉంటుంది. మే నుంచి ఎండి, దాని వెన్నులు విడిపోయి, బాణం ములికిలా ఒక్కో గింజ ఊడొస్తుంది. దానికి ముందుకు పోవడమే తెలుసు. వేళ్ల సందుల్లోనో చెవిలోనో ముక్కులోనో దూరిందంటే లోపలికి తవ్వుకుంటూ పోతుంది తప్ప వెనక్కి రాదు. మొదటి ఏడాది సకినం కాలి వేళ్ల మధ్య నుంచి ఒకటి కోసి తీయించాం. బాపు ఒక గింజ తుంచి వేళ్ల మధ్య పెట్టుకుని నలిపి చూశాడు. "మన ఉత్తరేణికి పెద్దన్న," అని తేల్చాడు.

ఆరోజు మొదట వెళ్లింది పాత వైనరీల వైపు. 1883లో ఇదే లోయలో ఇద్దరు వలసదారులు వేరువేరుగా తోటలు పెట్టారు. జర్మనీ నుంచి వచ్చిన కార్ల్ వెంటే ఒకరు, ఐర్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ కాన్‌కానన్ ఇంకొకరు. ఆ రెండు పేర్లూ ఇప్పటికీ సీసాల మీద ఉన్నాయి. కాలిఫోర్నియాలో పండే షార్డొనే ద్రాక్షలో చాలాభాగం వెంటేల తోటలో పెంచిన కొమ్మల సంతానమే. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యం నిషేధించినప్పుడు చాలా వైనరీలు మూతపడ్డాయి. కాన్‌కానన్‌వాళ్లు చర్చిల్లో పూజకు వాడే వైన్ చేసుకుంటూ నిలబడ్డారు. ఈ కథ చెబితే బాపు మొహం వెలిగిపోయింది. "మన ఎన్టీఆర్ నిషేధం పెట్టినప్పుడు గుడి పేరు చెప్పుడు ఎవనికీ తట్టలే."

కుక్కల విషయంలో ఇక్కడి చట్టం నాకు నోటికి వచ్చు. అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నా. 2015 జనవరి నుంచి కాలిఫోర్నియాలో తిండి వడ్డించే చోట్ల, యజమానికి ఇష్టమైతే, ఆరుబయట కూర్చునే జాగాలోకి పెంపుడు కుక్కల్ని రానివ్వొచ్చు. లోపలి గదుల్లోంచి నడిపించకూడదు, బయటి నుంచే దారి ఉండాలి. లీష్ ఉండాలి. కుర్చీ మీదా బెంచీ మీదా కూర్చోబెట్టకూడదు. యజమానికి ఇష్టమైతే అన్నది ముఖ్యం. వెబ్‌సైట్‌లో కుక్కబొమ్మ ఉందని నమ్మి వెళ్లి, ఆరోజు పెళ్లి ఫంక్షన్ ఉందని గేటు దగ్గరే తిప్పి పంపిస్తే తిరిగొచ్చాం ఒకసారి. అప్పటి నుంచి పొద్దున్నే ఫోన్ చేసి అడుగుతా.

బాపు తోట చూసి నిరాశపడ్డాడు. "పందిరి లేదు?" మొదటి మాట అదే. నడుమెత్తు మోడు, దానిమీద తీగల మధ్య నిలువుగా కట్టిన కొమ్మలు. ఇంటిముందు కంచెలా వరసలు. దగ్గరకు పోయి గుత్తి కిందికి చేయి పెట్టి తూకం చూసినట్టు ఎత్తాడు. నల్లగా, రేగుపండంత కూడా లేని గింజలు.

"గింత చిన్నగనా? మన దగ్గరైతే మార్కెట్ల ముట్టరు. జీఏల ముంచరా వీళ్లు?"

జీఏ అంటే జిబ్బరిలిక్ ఆసిడ్. మన దగ్గర గింజ సాగడానికి గుత్తుల్ని ఆ నీళ్లలో ముంచుతారు. వైన్‌కు కావలసింది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. రంగూ వగరూ వాసనా ఎక్కువగా తోలులోనే ఉంటాయి కాబట్టి, రసం తక్కువా తోలు ఎక్కువా ఉండే చిన్న పండే మేలు. పైగా ఇక్కడ చలికి చెట్టు ఆకు రాల్చి నిద్రపోతుంది, ఒక్క కత్తిరింపు చాలు. మన దగ్గర నిద్ర ఉండదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరిస్తేనే పంట. "అంటే వీళ్ల చెట్టుకు సెలవులున్నయి," అన్నాడు బాపు.

ఆకు తిప్పి చూసి, "బూడిద తెగులుకు గంధకం కొట్టిన్రు," అని కూడా పసిగట్టాడు. అప్పుడే సకినాన్ని వరసల్లోంచి వెనక్కి లాగాను. గంధకం పొడి కళ్లకూ ముక్కుకూ మంట. నేల మీద నత్తల కోసం చల్లే మందు గుళికలు కొన్ని చోట్ల ఉంటాయి, వాటిలో కొన్ని కుక్కకు తియ్యగా రుచిస్తాయి, ప్రాణమే తీస్తాయి. తోట మన పెరడు కాదు. కుక్కతో వెళ్లినవాళ్లు ఫొటో కోసం వరసల మధ్యలో పరుగెత్తించడం నాకు ఒళ్లుమండే విషయం.

చెట్టు నీడలో బల్ల దొరికింది. బల్ల కింద అప్పటికే ఒకరున్నారు. ఆ వైనరీ సొంత కుక్క, ముసలి లాబ్రడార్, మూతి అంతా నెరిసిపోయింది. సకినం దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పెద్దాయనకు దండం పెట్టినట్టు ముందుకాళ్లు చాచి పడుకుంది. నీళ్ల గిన్నె వాళ్లే తెచ్చారు, కానీ నేను మా గిన్నే వాడతా. పదిమంది కుక్కలు మూతిపెట్టిన గిన్నెలో మనది ఎందుకు తాగాలి.

వైన్ పోసే అబ్బాయికి కబుర్లంటే ఇష్టం. బాపు రైతని చెప్పగానే పని మానేసి నిలబడిపోయాడు. నేను మధ్యలో అనువాదం. తోటకు ఇప్పుడు పెద్ద గండం ఏమిటని అడిగాడు బాపు. వైన్ మీలీబగ్ అన్నాడు, ఇక్కడ వైన్ అంటే ద్రాక్షతీగ. వర్ణన విని బాపు బల్ల మీద చేత్తో కొట్టాడు. "పిండినల్లి! గదే. బెరడు కింద దాక్కుంటది, మందు తగలది." ఆ అబ్బాయి ఇంకో సంగతి చెప్పాడు. నాపా పక్కనున్న సొనోమాలో కొన్ని కుక్కలకు ఆ పిండినల్లి వాసన పట్టడం నేర్పించారట, ఏ చెట్టుకు పట్టిందో అవి చూపిస్తే ఆ చెట్టుకే మందు, తోటంతా కొట్టక్కర్లేదు. చిలీలో పీపాలు చేసే ఒక కంపెనీలో లాబ్రడార్లు వైన్‌ను పాడుచేసే బూజు వాసన ఎక్కడుందో వెతికిపెడతాయని నేనూ చదివాను. బాపు బల్ల కిందికి వంగి సకినాన్ని చూశాడు. ఆ క్షణంలో అది తన తోకను తానే అనుమానంగా వాసన చూసుకుంటోంది.

"దీనితోని గాదు," అన్నాడు.

అయిదు రకాలు, ఒక్కోటి రెండు గుక్కలు. మా ఆయన తాగడు, డ్రైవింగ్ ఆయనది. తెల్లవి రెండూ బాపుకు ఎక్కలేదు. పెటిట్ సిరా వచ్చింది. ఆ ద్రాక్ష పేరును సీసా మీద వేసి మొదట అమ్మింది కాన్‌కానన్‌వాళ్లే, 1961 పంటతో. సిరాలాంటి రంగు. బాపు తాగి, నాలుక బయటపెట్టి, ఫోన్ కెమెరాలో చూసుకున్నాడు. "నేరేడుపండు తిన్నట్టయింది." అది మెప్పే.

అప్పుడే, తెల్లవైన్ సీసా నుంచి తీసిన కార్క్ అడుగున చక్కెర పలుకుల్లా మెరుస్తున్నాయి కొన్ని. గాజు పెంకులేమోనని బాపు భయపడ్డాడు. కాదు, ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆసిడ్ ఉప్పుగా మారి చల్లబడ్డప్పుడు పేరుకుంటుంది, తిన్నా ఏం కాదు అన్నాడు పోసే అబ్బాయి. బాపు ఒక పలుకు గోటితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"పుల్లగున్నది. చింతపండోలె."

నవ్వాం. ఇది గుర్తుపెట్టుకోండి.

రెండో చోటు గురించి చెప్పడానికేమీ లేదు, పాటలు మోతగా ఉన్నాయి, పది నిమిషాల్లో లేచొచ్చాం. మూడో చోటు పేరు చెప్పను. తప్పు వాళ్లది కాదు, నాది.

పన్నెండున్నర. ఆకలి. చీజ్ బోర్డు చెప్పాను. చెక్కపలక మీద రెండు రకాల చీజ్, బిస్కట్లు, వాల్‌నట్లు, నడుమ అలంకారానికి ఎర్ర ద్రాక్ష గుత్తి. ద్రాక్ష కుక్కకు విషమని నాకు తెలుసు. కిస్‌మిస్ కూడా. తెలిసి కూడా ఆ గుత్తిని వెనక్కి పంపలేదు, బల్ల మధ్యలోకి జరిపాను, అంతే. అసలు వెధవపని ఇంకోటి. లీష్‌ను బల్లకాలికి కట్టాను. అంతకుముందు ఎప్పుడూ చేతికే వేసుకునేదాన్ని. బాపు ఫొటో తీయమంటే రెండు చేతులూ కావలసొచ్చాయి.

పక్క బల్ల దగ్గరికి ఒక చిన్న టెర్రియర్ వచ్చింది. సకినం లేచింది. సకినంతో పాటు బల్లా లేచింది. ఇరవై రెండు కిలోల కుక్క ఒక్క గుంజు గుంజితే మడత బల్ల ఎంత. గ్లాసులు, పలక, అన్నీ కంకర మీద. మా ఆయన గ్లాసు ముక్కలు దానికి గుచ్చుకోకుండా లాగుతున్నాడు. నేను గుత్తి కోసం వెతికాను. గుత్తి దొరికింది. సగం తొడిమలు ఖాళీ.

"ఎన్ని తిన్నది?" అంటే ఎవరికీ తెలియదు. పక్క బల్లాయన మంచి మనిషే, "నాలుగైదు తింటే ఏం కాదులెండి, మా కుక్క రోజూ తింటుంది" అని ధైర్యం చెప్పాడు. బాపు కూడా అదే మాట. "మన తోటల కుక్క కర్రోడు లేడా, కింద రాలిన పండ్లన్నీ వాడే తినేటోడు. ఏమైంది? టెన్షన్ పడకు బిడ్డా."

నేను కారులోంచే జంతువుల పాయిజన్ కంట్రోల్ లైన్‌కు ఫోన్ చేశాను. ఫీజు కట్టించుకున్నారు, బరువు ఎంత, ఎప్పుడు తిన్నది అని అడిగారు, వెంటనే వాంతి చేయించమన్నారు. ఎన్ని తింటే ప్రమాదమన్నదానికి లెక్క లేదు. ఒక కుక్క గుత్తి తిని తిరుగుతుంది, ఇంకోదానికి గుప్పెడుతోనే కిడ్నీలు పోతాయి. ద్రాక్ష రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి అందులో ఉండే ఆసిడ్ మారుతుంది. మన కుక్క ఏ రకమో తెలుసుకునేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

ఎమర్జెన్సీ క్లినిక్‌కు ఇరవై అయిదు నిమిషాలు. ఆ దారిలో సకినం కిటికీలోంచి తల బయటపెట్టి మహా ఆనందంగా ఉంది. అది ఇంకా భయం.

ఇంజెక్షన్ ఇచ్చారు. పది నిమిషాల్లో మొత్తం బయటికి. నర్సు వచ్చి, అయిదు ద్రాక్షపళ్లు, ఒక వాల్‌నట్, కొంచెం చీజ్ అని లెక్క చెప్పింది. అయిదు. వాటిలో మూడు నమలకుండా మింగినవి.

తర్వాత డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, నాకంటే పదేళ్లు చిన్నదేమో. రక్తపరీక్ష ఇప్పుడొకటి, రేపొకటి, ఎల్లుండి ఒకటి అంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతోందా చూడాలి. ఈరాత్రి సెలైన్. ఇంకేమైనా తిన్నదా ఈ మధ్య అని అడుగుతూ పేర్లు చదివింది. కిస్‌మిస్, వంటల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్, చింతపండు.

చింతపండా?

అప్పుడు చెప్పింది. ద్రాక్షలో కుక్కలకు పడనిదేమిటో ఏళ్ల తరబడి తెలియలేదట. 2021లో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ పాయిజన్ కంట్రోల్ డాక్టర్లు ఒక సంగతి బయటపెట్టారు. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లోనే చేసిన పిండిముద్ద తిన్న కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ ముద్దలో ఉన్నది క్రీమ్ ఆఫ్ టార్టార్. అంటే టార్టారిక్ ఆసిడ్ ఉప్పు. అది పట్టుకుని వెనక్కి వెతికితే చింతపండు తిన్న కుక్కలకూ అదే జరిగింది. మనిషి ఒంట్లోంచి బయటికి పోయే ఆ ఆసిడ్, కుక్క కిడ్నీ కణాల్లో పేరుకుపోతుందని ఇప్పుడు అనుమానం.

కార్క్ అడుగున మెరిసిన పలుకులు. బాపు నాలుక మీద పెట్టుకున్న పులుపు.

నేను తెలుగులో చెప్పకముందే బాపుకు అర్థమైంది. మా వంటింట్లో డబ్బా మీద టామరిండ్ అనే ఉంటుంది, రెండు నెలలుగా రోజూ చూస్తున్నాడు.

"చింతపండేనా అంటున్నది?"

"అవును బాపూ. ఎందుకు?"

కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ గదిలో గోడకు కుక్క ఎముకల బొమ్మ ఉంది, దాన్నే చూస్తున్నాడు. తర్వాత చెప్పాడు. పొద్దున నేనూ మా ఆయనా ఆఫీసు కాల్స్‌లో ఉన్నప్పుడు ఇంట్లో ఆయనా, అదీ. తన పళ్లెంలోంచి ముద్ద పెట్టేవాడు. పులిహోర ఉంటే పులిహోర, లేకపోతే చారన్నం. "నోరు తెరుసుకోని చూస్తది బిడ్డా. ఎట్ల తినాలె?" రెండు వారాల కింద అది రెండుసార్లు కక్కితే, గడ్డి తిన్నదనుకుని మేం పట్టించుకోలేదు.

నేను కోప్పడ్డాను. అక్కడే, ఆ పిల్ల డాక్టర్ ముందే. ద్రాక్ష పలక తెప్పించింది నేను, లీష్ బల్లకాలికి కట్టింది నేను, అరిచింది ఆయన మీద. మా ఆయన "మామయ్యగారూ, మీరు రండి, కాఫీ తాగుదాం" అని బయటికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మకు తెలుగు రాదు. కానీ కూతురు తండ్రిని తిట్టడం ఏ భాషలోనైనా తెలుస్తుందేమో, టిష్యూ డబ్బా నా వైపు జరిపింది.

మొదటి పరీక్ష బాగానే వచ్చింది. రాత్రికి అక్కడే ఉంచమన్నారు. బిల్లు చూసి బాపుకు రూపాయల్లో చెప్పలేదు, అడిగినా చెప్పలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక కిందికి వస్తే బాపు సోఫాలో కూర్చుని ఉన్నాడు. లైటు వేయలేదు. కాళ్ల దగ్గర సకినం పరుపు, ఖాళీగా.

"కర్రోడు ఎట్ల చచ్చిపోయిండో యాదికున్నదా నీకు?"

లేదు. నాకు అయిదారేళ్లుంటాయి అప్పుడు. నల్లటి కుక్క, తోట కాపలా, నన్ను వీపు మీద ఎక్కించుకునేది, అంతే గుర్తు.

"పండ్లు కోసేటప్పుడే. మూడు దినాలు కక్కిండు. నీళ్లు ఒకటే తాగుడు. ఎనకకాళ్లు గుంజుకపోయినయి. ఎండ్రిన్ డబ్బా నాకిండనుకున్నం. మల్లయ్య మీద లొల్లి పెట్టుకున్న, డబ్బా మూత పెట్టలేదని. పని మానిపిచ్చిన." ఆగాడు. "ఆఖరి దినం ఉచ్చ బందైంది వానికి. అది యాదికున్నది. పొద్దుగాల సంది పొద్దుమీకి దాకా కాలెత్తి నిలబడేటోడు, ఒక్క సుక్క వచ్చేది గాదు."

కర్రోడు ద్రాక్ష వల్లే పోయిందని ఇప్పుడెవరు చెప్పగలరు. ఎండ్రినే అయ్యుండొచ్చు, ఆ రోజుల్లో తోటంతా మందులే. రెండేళ్లు తిని ఏమీ కాని కుక్క మూడో ఏడు ఎందుకు పోవాలి. ఇవన్నీ చెప్పాను. ఆయన వింటున్నట్టు లేదు. మల్లయ్య ఇంకా ఉన్నాడా అని అడిగాను. లేడట.

ఆదివారం రెండో పరీక్ష, సోమవారం మూడోది. క్రియాటినిన్ కదల్లేదు. సకినం ఇంటికొచ్చి తన పరుపు మూడుసార్లు తవ్వి, చుట్టుకుని పడుకుంది. బాపు ఆరోజు నుంచి బల్ల దగ్గర తినడం మానేశాడు. వంటింట్లో తలుపేసుకుని, నిలబడి తినేవాడు. బయట తలుపు దగ్గర ఇది, లోపల ఆయన. ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఉడికించిన చికెన్ ముక్కలు ఒక చిన్న డబ్బాలో ఆయన చేతికిచ్చి, ముద్ద పెట్టాలనిపించినప్పుడల్లా ఇవి పెట్టమంటే అప్పుడు తలుపు తెరిచాడు.

వైనరీలు మానలేదు. ఆయన ఉన్నప్పుడే అక్టోబర్‌లో మళ్లీ వెళ్లాం. కోతలు చివరికి వచ్చాయి, రసం పిండేసిన పిప్పి గుట్టలుగా పోసి ఉంది, ఆ పులిసిన వాసన గేటు దాకా. కుక్కకు అది ద్రాక్షా, సారా రెండూ. ఆ వైపు నుంచి గాలి వస్తున్న బల్ల వద్దని, ఎదురు చివర కూర్చున్నాం. లీష్ నా నడుముకు. పండ్లు లేకుండా పలక ఇవ్వమని అడిగితే ఏమీ అనుకోకుండా ఇచ్చారు, ఒక్క మాట చాలు, ముందు అడగలేదంతే. బాపు వైన్ ముట్టలేదు. గంటన్నర సేపూ నేల మీదే ఆయన కళ్లు. పక్క బల్ల కింద ఒక ద్రాక్షపండు దొర్లుతూ కనిపిస్తే లేచి వెళ్లి, వాళ్ల కాళ్ల మధ్యకు వంగి, తీసి జేబులో వేసుకొచ్చాడు. వాళ్లేమనుకున్నారో.

ఇప్పుడు ఇండియాలో ఉన్నాడు. ఆదివారం వాళ్ల పొద్దున, మాకు శనివారం రాత్రి, వీడియో కాల్ చేస్తాడు. నేను ఎలా ఉన్నానని అడగడానికి ముందే ఫోన్ కిందికి తిప్పమంటాడు. సకినం స్క్రీన్ నాకుతుంది.

"ఇయ్యాల ఎక్కడికన్న తోల్కపోయిన్రా దాన్ని?"

"లివర్‌మోర్ పోయినం బాపూ."

"ఉచ్చ పోసిందా?"